చేప పెప్టైడ్ల పనితనంపై పీహెచ్ ప్రభావం: ప్రాజెక్టు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫిషరీస్ విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "చేప చర్మం నుంచి తీసిన పెప్టైడ్ పీహెచ్ 5.5 దగ్గర బ్యాక్టీరియాను బాగా చంపింది, 8 దగ్గర చంపలేదు. ఆమ్లంలో పెప్టైడ్ బలం పెరుగుతుందని రాసేయవచ్చా?"

అప్పుడే రాయకండి. పీహెచ్ మార్చినప్పుడు పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) ఒక్కటే మారదు. బ్యాక్టీరియా ఎదుగుదల మారుతుంది, బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) మారుతుంది, బఫర్‌తో పాటు లవణాల మోతాదూ మారుతుంది. చంపింది ఆమ్లమా, బఫరా, పెప్టైడా అన్నది విడదీసి చూపించగలిగితేనే అది ఫలితం. ఈ గైడ్ మొత్తం ఆ విడదీయడం గురించే.

## 1. ముందు మీ ప్రశ్న తేల్చుకోండి

ఏ పీహెచ్‌లు పరీక్షించాలో మీ ప్రశ్నే చెబుతుంది. నాలుగు నుంచి పది దాకా అన్నీ పెట్టేద్దాం అనుకుంటే పెప్టైడ్ అయిపోతుంది, అర్థం మాత్రం దొరకదు.

- చెరువు గురించి అయితే: 6.5 నుంచి 9 వరకు. కైకలూరు వైపు చెరువుల్లో తెల్లవారుజామున నీటి పీహెచ్ తక్కువగా ఉంటుంది. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకోవడంతో మధ్యాహ్నానికి పెరుగుతుంది. నాచు దట్టంగా ఉన్న చెరువులో 9 దాటడం అరుదేమీ కాదు.
- పుండు, చీము, కణాల లోపలి పరిస్థితి గురించి అయితే: 5.5 నుంచి 7.4 వరకు.
- ఆహారం నిల్వ గురించి అయితే: 4.5 నుంచి 6.5 వరకు. ఇక్కడ ఆమ్లమే సగం పని చేసేస్తుంది కాబట్టి కంట్రోళ్లు (పోలిక కోసం పెట్టే పరీక్షలు) రెట్టింపు జాగ్రత్తగా పెట్టాలి.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా 5.5, 6.0, 6.5, 7.0, 7.4, 8.0. కింది లెక్కలన్నీ ఈ ఆరింటికే.

## 2. పెప్టైడ్‌లో హిస్టిడిన్లు లెక్కపెట్టండి

ల్యాబ్‌లోకి వెళ్లకముందే, కాగితం మీద చేయాల్సిన పని ఇది. చాలామంది వదిలేసేదీ ఇదే.

పెప్టైడ్ మీద ధనావేశం ఉంటుంది, బ్యాక్టీరియా పొర మీద రుణావేశం ఉంటుంది. మొదటి ఆకర్షణ అక్కడే. ఆ ధనావేశాన్ని ఇచ్చేవి ముఖ్యంగా లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు. లైసిన్ పీకేఏ (సగం అణువులకు ఆవేశం ఉండే పీహెచ్) 10.5 దగ్గర, ఆర్జినిన్‌ది 12 పైన. అంటే 5.5 నుంచి 8 లోపు ఈ రెండింటి ఆవేశం దాదాపు మారదు. ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాల పీకేఏ 4 దగ్గర కాబట్టి అవీ ఈ పరిధిలో పెద్దగా కదలవు. కదిలేది హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం. దాని పీకేఏ సుమారు 6 నుంచి 6.5.

పీకేఏ 6.5 అనుకుంటే, ఆవేశం ఉన్న హిస్టిడిన్ల శాతం ఇలా వస్తుంది:

- పీహెచ్ 5.5: 91 శాతం
- పీహెచ్ 6.0: 76 శాతం
- పీహెచ్ 6.5: 50 శాతం
- పీహెచ్ 7.0: 24 శాతం
- పీహెచ్ 7.4: 11 శాతం
- పీహెచ్ 8.0: 3 శాతం

ఇప్పుడు మీ పెప్టైడ్‌కు ఈ లెక్క వేయండి. వింటర్ ఫ్లౌండర్ చేప చర్మపు జిగురులో దొరికిన ప్లూరోసిడిన్‌లో 25 అమైనో ఆమ్లాలు, వాటిలో 3 హిస్టిడిన్లు. అవి 7.4 దగ్గర కలిపి 0.3 ఆవేశమే ఇస్తాయి, 5.5 దగ్గర 2.7 ఇస్తాయి. హైబ్రిడ్ స్ట్రైప్డ్ బాస్ చేప మాస్ట్ కణాల్లో 2001లో గుర్తించిన పిసిడిన్ల కుటుంబంలో పిసిడిన్ 1కి 22 అమైనో ఆమ్లాల్లో 4 హిస్టిడిన్లు, పిసిడిన్ 3కి 3. ఎర్ర సముద్రపు మోసెస్ సోల్ చేప నుంచి వచ్చిన పార్డాక్సిన్‌లో అసలు హిస్టిడినే లేదు.

ఇక్కడ ఒక తొందరపాటు అనుమానం వస్తుంది: ఆవేశం పెరిగితే బలం కూడా పెరగాలి కదా అని. కొన్ని పెప్టైడ్లకు అది నిజం, అన్నింటికీ కాదు. పిసిడిన్లను కృత్రిమ లిపిడ్ పొరలపై పరీక్షించినప్పుడు పీహెచ్ 6 దగ్గర పిసిడిన్ 3 పొరను తూట్లు పొడిచే శక్తి బాగా పడిపోయింది. దగ్గరి చుట్టమే అయినా పిసిడిన్ 1కి అలా పడిపోలేదు. పెప్టైడ్ హెలిక్స్‌గా చుట్టుకుని, నూనె ఇష్టపడే వైపును పొరలోకి దించుతుంది. హిస్టిడిన్ ఉన్న చోటును బట్టి, దానికి ఆవేశం రాగానే ఆ దిగడమే కష్టం కావచ్చు. అందుకే హిస్టిడిన్లు ఎన్ని అన్నదాంతో పాటు ఎక్కడున్నాయి అన్నదీ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫలితం ఏ వైపు వచ్చినా చర్చించడానికి ఆ వివరమే పనికొస్తుంది.

## 3. సామాను సిద్ధం చేసుకోండి

చెక్‌లిస్టు

- సింథటిక్ పెప్టైడ్, హెచ్‌పీఎల్‌సీ శుద్ధత 95 శాతం పైన. చివర అమైడ్ ఉందా లేదా షీటులో చూడండి, దాన్ని బట్టి ఆవేశం ఒకటి మారుతుంది.
- పాలీప్రొపిలీన్ 96 గుంతల ప్లేట్లు, పాలీప్రొపిలీన్ ట్యూబులు
- ములర్ హింటన్ బ్రాత్, అగార్
- మెస్, మాప్స్, హెపిస్ బఫర్లు
- 0.22 మైక్రాన్ ఫిల్టర్లు
- పాలీమిక్సిన్ బి అనే యాంటీబయాటిక్ (పోలిక కోసం)
- పీహెచ్ మీటర్, 4.0, 7.0, 9.2 ప్రామాణిక ద్రావణాలు
- బీఓడీ ఇంక్యుబేటర్

ప్లేట్ల గురించి ఒక మాట. మన ల్యాబుల్లో సులువుగా దొరికేవి పాలీస్టైరీన్ ప్లేట్లు. ధనావేశమున్న పెప్టైడ్లు వాటి గోడలకు అతుక్కుంటాయి. పీహెచ్‌తో పెప్టైడ్ ఆవేశం మారినప్పుడు ఆ అతుక్కోవడమూ మారవచ్చు. అప్పుడు మీరు కొలిచేది ప్లాస్టిక్ గుణం. పాలీప్రొపిలీన్ తెప్పించుకోవడానికి వారం ఆలస్యమైనా ఆగండి.

బీఓడీ ఇంక్యుబేటర్ ఎందుకంటే, ఏరోమోనాస్ హైడ్రోఫిలా వంటి చేపల వ్యాధికారకాలను 28 డిగ్రీల దగ్గర పెంచుతాం. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో గది వేడే అంతకంటే చాలా ఎక్కువ. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుంది గానీ చల్లబరచదు.

పెప్టైడ్ ఎంత కావాలి? 100 మైక్రోలీటర్ల గుంతలో 64 మైక్రోగ్రాములు/మి.లీ. నుంచి సగం సగం చేసుకుంటూ దిగితే, ఒక వరుసకు 12.8 మైక్రోగ్రాములు పడుతుంది. ఆరు పీహెచ్‌లు, మూడు వరుసల చొప్పున 18 వరుసలు: 230 మైక్రోగ్రాములు. మూడు వేర్వేరు రోజులు చేయాలి కాబట్టి సుమారు 0.7 మిల్లీగ్రాములు. ఇది ఒక్క బ్యాక్టీరియాకు. మిగతా పరీక్షలూ కలుపుకుంటే 2 మిల్లీగ్రాములకు తక్కువ తెప్పించవద్దు.

సీసా మీద రాసిన బరువంతా పెప్టైడ్ కాదు. ట్రైఫ్లోరోఅసిటేట్ లవణం, తేమ కలిసి ఉంటాయి. నికర పెప్టైడ్ శాతం అడిగి తెలుసుకుని లెక్క కట్టండి. ప్లూరోసిడిన్‌లో ట్రిప్టోఫాన్, టైరోసిన్ ఉన్నాయి కాబట్టి 280 నానోమీటర్ల దగ్గర కొలవవచ్చు. పిసిడిన్ 1లో ఆ రెండూ లేవు, 280 దగ్గర ఏమీ కనిపించదు. దానికి బీసీఏ (రంగు మార్పుతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) వంటి వేరే పద్ధతి కావాలి.

స్టాక్‌ను 0.01 శాతం అసిటిక్ ఆమ్లంలో కరిగించి, చిన్న చిన్న భాగాలుగా మైనస్ 20లో ఉంచండి. ఒక్కో భాగాన్ని ఒక్కసారే కరిగించి వాడండి. నీళ్ల విషయంలో కూడా జాగ్రత్త: పిసిడిన్ల మొదటి కొస రాగిని పట్టుకుంటుంది. రాగి భాగాలున్న పాత డిస్టిలేషన్ యూనిట్ నీళ్లు వాడకండి.

## 4. బఫర్లు: ఎక్కువ ప్రాజెక్టులు తప్పేది ఇక్కడే

తేలిగ్గా దొరుకుతుందని సిట్రేట్ బఫర్ తీసుకుంటారు. వద్దు. సిట్రేట్ కాల్షియం, మెగ్నీషియంలను లాగేసుకుంటుంది. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరను కలిపి పట్టుకునేవి ఆ అయాన్లే. అవి పోతే పొర వదులై, పెప్టైడ్ చాలా బలంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

అసిటేట్, లాక్టేట్ కూడా వద్దు. ఆమ్ల పీహెచ్‌లో వీటి విడిపోని అణువులు కణంలోకి దూరి సొంతంగానే బ్యాక్టీరియాను అణుస్తాయి. ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం తెల్లగా అడుగున పడే ప్రమాదం ఉంది.

నేను సూచించే ఏర్పాటు:

- 5.5, 6.0, 6.5: మెస్ (పీకేఏ 6.1)
- 6.5, 7.0, 7.4: మాప్స్ (పీకేఏ 7.2)
- 7.4, 8.0: హెపిస్ (పీకేఏ 7.5)

6.5, 7.4 రెండేసి సార్లు వచ్చాయి, గమనించండి. అది కావాలని పెట్టిందే. 6.5 దగ్గర మెస్‌లోనూ మాప్స్‌లోనూ ఒకే ఫలితం వస్తే తేడా పీహెచ్‌దే అని ధైర్యంగా అనవచ్చు. రెండూ వేరువేరుగా వస్తే బఫర్ జోక్యం చేసుకుంటోంది. ఈ ఒక్క ఏర్పాటుతో పరీక్షకుల సగం ప్రశ్నలకు ముందే జవాబు దొరుకుతుంది. అదనంగా పట్టేది ఆరు వరుసలే.

చేసే వరుస

1. బ్రాత్‌లో 50 మిల్లీమోలార్ బఫర్ ఉండేలా లెక్క కట్టండి.
2. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ సరిచేయండి. ఎంత పట్టిందో ప్రతి సీసాకూ రాసుకోండి.
3. ఎక్కువ సోడియం పట్టిన సీసాతో సమానమయ్యేలా మిగతా వాటిలో సోడియం క్లోరైడ్ కలపండి. లవణం పెరిగితే చాలా పెప్టైడ్ల బలం తగ్గుతుంది. ఈ సమానం చేయకపోతే ఆ తగ్గుదల పీహెచ్ ఖాతాలో పడుతుంది.
4. బఫర్‌ను ఆటోక్లేవ్ చేయకుండా ఫిల్టర్ చేసి, చల్లారిన బ్రాత్‌లో కలపండి.
5. అంతా కలిపాక, పరీక్ష జరిగే ఉష్ణోగ్రత దగ్గర పీహెచ్ మళ్లీ చూడండి.

చెరువు ప్రశ్న కోసం 8.5 పైకి వెళ్లేవాళ్లు ట్రిస్ వాడాల్సి రావచ్చు. ట్రిస్ పీహెచ్ డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున మారుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0 ఉన్నది 37 దగ్గర 7.7కి దిగుతుంది. ఏసీ గదిలో సరిచేసి ఇంక్యుబేటర్‌లో పెడితే మీరు రాసిన పీహెచ్, గుంతలో ఉన్న పీహెచ్ రెండూ వేరు.

## 5. పీహెచ్ మీటర్

ప్రతి రోజూ మూడు ప్రామాణిక ద్రావణాలతో కాలిబ్రేట్ చేయండి. స్లోప్ 95 శాతం కంటే తక్కువ చూపిస్తే ఎలక్ట్రోడ్ శుభ్రం చేయాలి లేదా మార్చాలి. ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో వదిలేయకండి, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచండి. పీహెచ్ పేపర్‌తో ఈ ప్రాజెక్టు జరగదు.

## 6. చేప నుంచి నేరుగా తీసిన సారం వాడేవాళ్లకు

సింథటిక్ పెప్టైడ్ కొనే స్తోమత లేక రోహు, ఫంగాసియస్, తిలాపియా చర్మపు జిగురు, మొప్పల నుంచి సారం తీసేవాళ్లు ఎక్కువ. తప్పేమీ లేదు, కాకపోతే అది పెప్టైడ్ అని నిరూపించే బాధ్యత మీ మీద పడుతుంది.

1. చేపను పట్టిన వెంటనే ఐస్‌లో పెట్టి థర్మాకోల్ పెట్టెలో తెచ్చుకోండి. మార్కెట్లో మధ్యాహ్నం దాకా ఉన్న చేప వద్దు. దాని సొంత ఎంజైములే పెప్టైడ్లను కోసేస్తాయి.
2. 10 శాతం అసిటిక్ ఆమ్లంలో రుబ్బి, మరిగే నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. ఎంజైములు పాడై, చిన్న పెప్టైడ్లు నిలుస్తాయి.
3. చల్లబరిచి సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని సీ18 కాలమ్ గుండా పంపండి.
4. 60 శాతం అసిటోనైట్రైల్‌తో దించి, ఫ్రీజ్ డ్రై చేయండి. మళ్లీ నీళ్లలో కరిగించి ఇంకోసారి ఆరబెట్టండి. మిగిలిన ఆమ్లం పోవాలి.
5. 10 కిలోడాల్టన్ ఫిల్టర్ గుండా పంపండి. జిగురులో ఉండే లైసోజైమ్ 14 కిలోడాల్టన్ల దగ్గర ఉంటుంది కాబట్టి పైన ఆగిపోతుంది.

చేప లేకుండా ఇవే ద్రావణాలతో ఐదు మెట్లూ చేసిన ఖాళీ సారం తప్పనిసరి. అగార్ ప్లేటు మీద ఖాళీ సారం చుట్టూ కూడా తేటగా వలయం వచ్చిందంటే మీరు చూస్తున్నది మిగిలిపోయిన ఆమ్లం.

రెండో పరీక్ష: సారంలో కొంత భాగాన్ని ప్రొటీనేజ్ కె తో కలిపి ఉంచి, తర్వాత వేడి చేసి ఎంజైమును ఆపండి. అప్పుడు చంపే శక్తి పోతే అది పెప్టైడ్ పనే. పోకపోతే పీహెచ్ పరీక్షలకు వెళ్లకండి, ముందు సారం సంగతి తేల్చండి.

## 7. ఎంఐసీ పరీక్ష

బ్యాక్టీరియా కంటికి కనిపించేలా పెరగకుండా ఆపే అతి తక్కువ మోతాదు ఎంఐసీ.

1. తాజా కాలనీలతో 0.5 మెక్‌ఫార్లాండ్ మసక తయారు చేయండి. మి.లీ.కి సుమారు 10 కోట్ల కణాలు.
2. ఆయా పీహెచ్ బ్రాత్‌లోనే పలుచన చేసి మి.లీ.కి 10 లక్షలకు తీసుకురండి.
3. పెప్టైడ్‌ను కూడా అదే పీహెచ్ బ్రాత్‌లో రెట్టింపు బలంతో, సగం సగం చేసుకుంటూ 50 మైక్రోలీటర్ల చొప్పున గుంతల్లో వేయండి.
4. 50 మైక్రోలీటర్ల బ్యాక్టీరియా కలపండి. ఇప్పుడు మి.లీ.కి 5 లక్షల కణాలు.
5. ఈ.కోలై అయితే 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు, ఏరోమోనాస్ అయితే 28 దగ్గర 24 గంటలకు పైగా ఉంచి చూడండి.

ప్రతి పీహెచ్‌కూ ఉండాల్సిన కంట్రోళ్లు

- పెప్టైడ్ లేని బ్యాక్టీరియా
- బ్యాక్టీరియా లేని బ్రాత్
- పెప్టైడ్ కరిగించిన ద్రావణం మాత్రమే కలిపిన బ్యాక్టీరియా
- పాలీమిక్సిన్ బి వరుస

చివరిది ఎందుకంటే, పాలీమిక్సిన్‌లో హిస్టిడిన్ లేదు. దాని ఎంఐసీ కూడా మీ పెప్టైడ్‌తో పాటే ఎగుడుదిగుడు అయితే, మారింది బ్యాక్టీరియా కావచ్చు. వీలైతే పార్డాక్సిన్ కూడా పెట్టండి, చేప పెప్టైడ్‌కు చేప పెప్టైడే పోలికగా ఉంటుంది.

పరీక్ష ముగిశాక పెప్టైడ్ లేని గుంతల్లోని ద్రవాన్ని కలిపి పీహెచ్ కొలవండి. ములర్ హింటన్‌లో చక్కెర తక్కువ, ప్రొటీన్ ముక్కలు ఎక్కువ. వాటిని తిన్న బ్యాక్టీరియా అమోనియా వదలడంతో మాధ్యమం క్షార వైపు జరుగుతుంది. 5.5తో మొదలైంది 6.3 దగ్గర ముగిస్తే దాన్ని 5.5 ఫలితమని రాయకూడదు. 0.2 కంటే ఎక్కువ జరిగితే బఫర్ పెంచండి.

## 8. చంపే పరీక్ష

మీ దగ్గర ఒక్క పరీక్షకే సమయం ఉంటే ఎంఐసీని వదిలి ఇదే చేయమంటాను. ఎంఐసీలో బ్యాక్టీరియా రాత్రంతా పెరగాలి. 5.5 దగ్గర నీరసంగా పెరిగే బ్యాక్టీరియాను ఏ పెప్టైడైనా తేలిగ్గా ఆపుతుంది. ఇక్కడ ఒక గంటే, ఎదుగుదలతో పని లేదు.

1. చురుగ్గా పెరుగుతున్న కల్చర్‌ను నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ చేసి, 10 మిల్లీమోలార్ మాప్స్, పీహెచ్ 7.0లో రెండుసార్లు కడగండి.
2. కణాలను ఆయా పీహెచ్ బఫర్‌లోకి మార్చి వెంటనే పెప్టైడ్‌తో కలపండి.
3. సున్నా నిమిషం దగ్గర, 60 నిమిషాల దగ్గర నమూనా తీయండి.
4. పలుచన ఎప్పుడూ పీహెచ్ 7 ద్రావణంలోనే చేయండి. కనీసం 100 రెట్లు పలుచన చేస్తే పెప్టైడ్ పని ఆగుతుంది.
5. మామూలు పీహెచ్ అగార్ మీద పరచి, 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లు లెక్కపెట్టండి.

పెప్టైడ్ లేని బఫర్‌లో గంటలో కణాలు ఎన్ని చచ్చాయో ప్రతి పీహెచ్‌లోనూ చూడండి. 5.5 బఫరే సగం కణాలను చంపుతుంటే అక్కడితో ఆగి, బఫర్ సంగతి చూసుకోవాలి.

ఏరోమోనాస్ మనుషులకూ పుండ్లు తెప్పించగలదు. చేతులకు గాట్లుంటే గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే పారేయండి.

## 9. పనితనం వేరు, నిలకడ వేరు

ఈ రెండింటినీ కలిపేసిన థీసిస్‌లు చాలా ఉన్నాయి. ఒక పీహెచ్‌లో పెప్టైడ్ పనిచేయకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: ఆ పీహెచ్‌లో దాని ఆవేశం సరిపోక ఊరుకోవడం, లేదా ఆ పీహెచ్‌లో అది పాడైపోవడం.

తేల్చడం సులువు. పెప్టైడ్‌ను పీహెచ్ 8.0లో గంట ఉంచండి. తర్వాత 6.0 బఫర్‌లోకి మార్చి చంపే పరీక్ష చేయండి. పక్కనే, మొదటి నుంచీ 6.0లోనే ఉన్న పెప్టైడ్‌ను పెట్టండి. రెండూ సమానంగా చంపితే పెప్టైడ్ క్షేమం, మారింది ఆవేశమే. మొదటిది వెనకబడితే అది పాడైంది లేదా అడుగున పేరుకుంది. వ్యతిరేక దిశలో కూడా ఇదే చేయండి. మార్చాక పీహెచ్ నిజంగా 6.0కి వచ్చిందో లేదో మీటర్‌తో చూడటం మర్చిపోవద్దు.

## 10. సమస్యలు, పరిష్కారాలు

- 5.5 దగ్గర కంట్రోల్ బ్యాక్టీరియా కూడా పెరగలేదు. ఆ పీహెచ్‌కు ఎంఐసీ రాయవద్దు. చంపే పరీక్షకు మారండి. విబ్రియోలతో ఇది తరచూ జరుగుతుంది, అవి క్షార వైపు ఇష్టపడతాయి.
- గుంతలు తెల్లగా మసకబారాయి, కాలనీలు మాత్రం రాలేదు. అది ఎదుగుదల కాదు, పెప్టైడ్ బ్రాత్‌లోని పదార్థాలతో కలిసి పేరుకుంది. బ్యాక్టీరియా లేకుండా పెప్టైడ్, బ్రాత్ మాత్రమే ఉన్న గుంత పెట్టి చూడండి.
- ఎంఐసీ ఒకసారి 4, ఇంకోసారి 32 వస్తోంది. ముందు ప్లేటు ఏ ప్లాస్టిక్‌దో, తర్వాత స్టాక్‌ను ఎన్నిసార్లు గడ్డకట్టించి కరిగించారో చూడండి.
- అన్ని పీహెచ్‌లలో ఒకటే ఎంఐసీ. హిస్టిడిన్ లేని పెప్టైడ్‌కు అది సరైన ఫలితమే. హిస్టిడిన్ ఉంటే గుంతల్లో పీహెచ్ నిలబడిందా లేదా చూడండి.
- గోడ పక్క గుంతలు ఎండిపోయాయి. బయటి వరుసల్లో నీళ్లు పోసి, ప్లేటును తడి టిష్యూ ఉన్న డబ్బాలో పెట్టండి.

## 11. ఫలితాలు రాయడం

సగం సగం పలుచనలో ఒక మెట్టు తేడా తేడా కాదు. 8, 16 రెండూ ఒకటే అనుకోండి. రెండు మెట్లు, అంటే నాలుగు రెట్లు మారి, అది మూడు వేర్వేరు రోజుల్లోనూ నిలిస్తేనే పీహెచ్ ప్రభావం అని రాయండి. ఎంఐసీలకు మామూలు సగటు కట్టకండి, మధ్యస్థం లేదా జ్యామితీయ సగటు ఇవ్వండి. చంపే పరీక్ష ఫలితాన్ని లాగ్ తగ్గుదలగా ఇవ్వండి, 3 లాగ్ అంటే 99.9 శాతం.

పట్టికలో ప్రతి వరుసకూ ఇవి ఉండాలి:

- మొదటి పీహెచ్, చివరి పీహెచ్, కొలిచిన ఉష్ణోగ్రత
- బఫర్ పేరు, గాఢత, మొత్తం సోడియం
- లెక్క కట్టిన పెప్టైడ్ ఆవేశం
- పెప్టైడ్ లేని కంట్రోల్‌లో ఎదుగుదల లేదా చావు
- పాలీమిక్సిన్ ఫలితం
- ప్లేటు ఏ ప్లాస్టిక్‌దో

ముగింపు వాక్యం కూడా ఆ పట్టిక మోయగలిగినంతే రాయండి. "ఆమ్లంలో చేప పెప్టైడ్లు బాగా పనిచేస్తాయి" అని కాదు. "ఈ పెప్టైడ్, ఈ బ్యాక్టీరియా మీద, 6.0 దగ్గర 7.4 కంటే నాలుగు రెట్లు తక్కువ మోతాదుతో పనిచేసింది. 7.4 దగ్గర మాప్స్, హెపిస్ రెండింటిలోనూ ఫలితం ఒకటే. పాలీమిక్సిన్‌లో ఈ తేడా లేదు" అని రాయండి. వైవాలో మీ పట్టిక తెరిచి, ఈ మూడు వాక్యాలకూ ఏ గడి ఆధారమో వేలు పెట్టి చూపించగలగాలి.